పెద్ద గేటు కాడ తనిఖీ

మా పోతిరెడ్డిపల్లి కాలనీల ఈమధ్య ఇద్దరు ముగ్గురు ఆడపిల్లలు పోలీసు నౌకరీల చేరిన్రు. ఆదివారం వస్తె నా ఇంటికొచ్చి కూసుంటరు. నేను రిటైరైన ఏఎస్సైని గదా, ఏమన్న గొప్ప కథలు చెప్తనని ఆశ. "మేడమ్, మీ సర్వీసుల ఎంతమంది ఖూనీకోర్లను పట్టుకున్నరు?" అని అడుగుతరు. ఒక్కణ్ణి గూడ పట్టలేదు బిడ్డా అంటె మొఖాలు చిన్నగ చేసుకుంటరు. వాళ్ళను ఉత్త చేతుల్తోని పంపుడెందుకని ఒక కేసు చెప్తుంట. దాంట్ల కత్తి లేదు, నెత్తురు లేదు. అయినా నా సర్వీసు మొత్తంల నాకు బాగ ఇష్టమైన కేసు అదే. మీరు గూడ వినుండ్రి.

మాది కొండాపూర్ దిక్కు పల్లె. నాయిన చర్చి బడిల పంతులు. నేను పోలీసుల చేరుత అన్ననాడు ఇంట్లోళ్ళకంటె పాస్టరుగారే ఎక్కువ పరేషాన్ అయిండు. "టీచరు ట్రైనింగు చేయొచ్చు గద తల్లీ" అన్నడు. నాయిన మాత్రం "దాని ఇష్టం" అని ఊకున్నడు. అట్ల తొంభైల మొదట్ల ఖాకీ చీర కట్టుకొని సంగారెడ్డిల నౌకరీకి ఎక్కిన. అప్పుడు జిల్లాల ఆడ కానిస్టేబుళ్ళు బహు తక్కువ. ఏ ఠాణాల ఆడమనిషిని పట్టుకొచ్చినా వైర్‌లెస్ సెట్టుల మా కోసం అడిగేటోళ్ళు. మేము బస్సెక్కి పోయేది. పని అయినంక మళ్ళ బస్సెక్కి వచ్చేది. కిరాయి సైకిలు లెక్కన మమ్మల్ని ఒక ఠాణా తర్వాత ఇంకో ఠాణావోళ్ళు వాడుకునేటోళ్ళు.

ఆ రోజు పిలుపు పటాన్‌చెరు దిక్కు ఒక ఠాణా నుంచి వచ్చింది. ఏ ఠాణా అని అడగకుండ్రి. మందుల కంపెనీల దొంగతనమైంది, ఊడ్చే ఆడమనిషిని తెచ్చి కూసోబెట్టినం, జల్దీ రమ్మన్నరు. నేను బస్సెక్కిన. ఇస్నాపూర్ దాటంగనే కంపెనీల ఘాటు వాసన ముక్కుకు తగిలేది. ఆ రూట్ల తిరిగేటోళ్ళకు కండక్టరు అరవకున్నా ఎక్కడికొచ్చినమో తెలిసేది.

ఆ ఠాణాల ఒక ముసలి హెడ్ కానిస్టేబుల్ ఉండె. అందరు హెడ్ సాబ్ అనేటోళ్ళు. మంచి మనిషి. నన్ను బేటీ అని పిలిచేటోడు. ఆయనకొక అలవాటు. ఎవరొచ్చినా ముందుగాల మొఖం చూడడు, కాళ్ళు చూస్తడు. తోలు బూట్లయితె "ఆయియే సాబ్, కూర్చోండి" అంటడు. తోలు చెప్పులయితె "ఏం కావాలె?" అంటడు. రబ్బరు చెప్పులయితె "ఏందిరా?" ఉత్త కాళ్ళయితె మాట గూడ ఉండదు, చేత్తోని గోడ పక్కకు చూపిస్తడు. ముప్ఫై ఏండ్ల సర్వీసు ఆయన కండ్లను అట్ల కిందికి వంచింది. ఆ వారం ఒడిశా నుంచొచ్చిన వెల్డింగు పిలగాడు ఒకడు సైకిలు పోయిందని రోజు వచ్చి పోతున్నడంట. "కల్ ఆవో" అని హెడ్ సాబ్ రోజు పంపిస్తున్నడంట. రబ్బరు చెప్పుల మనిషాయె.

కంపెనీ కంప్లెయింటు అట్ల కాదు. పొద్దుగాల కారుల వచ్చింది. ఇంగ్లీషుల టైపు కొట్టిన కాయితం పట్టుకొని స్టోర్సు ఆఫీసరు తానే వచ్చిండు. స్టోర్సుల నుంచి ఇత్తడి వాల్వులు పోతున్నయి, స్టోర్సు ముందట ఊడ్చే ఫలానా ఆమె మీద అనుమానమున్నదని రాసిచ్చిండు. సీఐ గారికి ముందే ఫోన్ పోయింది. "గంటల ఎఫ్ఐఆర్ చెయ్" అని పైనుంచి మాట వచ్చింది. ఆఫీసరు ముందట పెట్టిన చాయ చల్లారకముందే ఎఫ్ఐఆర్ అయింది. ఆ మాట గుర్తు పెట్టుకోండ్రి, తర్వాత పనికొస్తది.

నేను పోయేసరికి ఆమె గోడకు ఆనుకొని కింద కూసున్నది. నలభై ఏండ్లుంటయేమో. కంపెనీ ఇచ్చిన నీలం కోటు చీర మీద తొడుక్కొని ఉన్నది. ఏడుస్తలేదు. కాళ్ళు జాపుకొని, కొంగుతోని చెమట తుడుచుకుంట, ఫ్యాను దిక్కు చూస్తున్నది. నేను పక్కకు స్టూలు వేసుకొని కూసున్న.

"నువ్వేనా నన్ను కొట్టనీకి వచ్చిన పోలీసమ్మవు?" అని అడిగింది.

"నేనెందుకు కొడత అక్క? కావలి ఉండనీకి వచ్చిన."

"మంచిగైంది. ఆడిపిల్లవు తోడుంటివి. పొద్దటి సంది ఒంటికి పోవాలె, ఎవల్ని అడగాలెనో తెల్వక కూసున్న."

ఆమెను వెనక దిక్కు తీస్కపోయిన. వచ్చినంక నీళ్ళు తాగి ఆమె మాట మొదలువెట్టింది. ఊరు కంపెనీకి దగ్గర్నే. కంపెనీ కట్టిన జాగల వాళ్ళ జొన్నచేను గూడ ఉండెనంట. భూమి పోయినప్పుడు ఇంటికొక నౌకరీ అన్నరంట. మొగుడు కొన్నేండ్లు బాయిలరు కాడ చేసి నడుము పోగొట్టుకున్నడు. ఇగ ఆమెకు కాంట్రాక్టుల ఊడ్చే పని ఇచ్చిన్రు.

"పొద్దున షిఫ్టు లోపలికి పోయే యాళ్ళకు గేటు కాడ నన్ను జీపు ఎక్కిచ్చిన్రు బిడ్డా. అందరు చూసిన్రు. ఒడిశా పోరగాండ్లు, బీహారోళ్ళు, మా ఊరోళ్ళు, అందరు. వాల్వు అంటె గింతుంటది," అని రెండు చేతులు ఎడంగ పెట్టింది. "సద్ది డబ్బల పడ్తదా? కొంగుల దాస్తె కొంగు నిలుస్తదా? ఈ మాట అడుగుతుంటె ఒక్కలు చెవిన పెడ్తలేరు."

ఎస్సై కొత్తగ ట్రైనింగు అయి వచ్చిన కుర్ర ఆఫీసరు. కోస్తా దిక్కు మనిషి. చెడ్డోడు కాదు, కానీ భయముండె. సీఐకి భయపడేటోడు, కంపెనీలకు భయపడేటోడు, ఆ భయం బయటికి కనపడకుండ గట్టిగ మాట్లాడేటోడు. మధ్యాహ్నానికి ఆయనకొక ఆలోచన తట్టింది. మొదటి షిఫ్టు ఇడిసే టైముకు గేటు కాడికి పోయి ఆడవాళ్ళందర్నీ తనిఖీ చేద్దాం, సరుకు ఇంకెవరి దగ్గరన్న ఉండొచ్చన్నడు.

"ఈమెను కూడా జీపులో తీసుకురండి. భయపడి చెప్పేస్తుంది" అన్నడు.

హెడ్ సాబ్ నా దిక్కు చూసి మెల్లగ అన్నడు. "బేటీ, ఈమె భయపడే మనిషి లెక్క కనిపిస్తలేదు నాకు."

హెడ్ సాబ్‌తోని సహా అందరం జీపుల పోయినం. కంపెనీకి రెండు గేట్లు. లారీలకు, కార్లకు పెద్ద ఇనుప గేటు. దాని పక్కనే కూలోళ్ళకు ఒక్క మనిషి పట్టేటంత చిన్న గేటు. ఎస్సై ఆమెను గేటు పక్కన నేల మీద కూసోబెట్టి, "నేను చెప్పేదాకా లేవొద్దు" అన్నడు. నన్ను వాచ్‌మన్ గదిల నిలబెట్టిన్రు. కిటికీకి గోనెపట్ట కట్టిన్రు. సైరన్ కూతపెట్టంగనే షిఫ్టు ఇడిసింది. ఆడోళ్ళు వరుసగ నిలబడ్డరు.

మా కాలనీ పిల్లలకు ట్రైనింగుల తనిఖీ ఎట్ల చేయాలెనో నేర్పిచ్చే ఉంటరు. ఎదుటి మనిషి కండ్లల్లకు చూసుకుంట ఎట్ల చేయాలెనో ఎవ్వరు నేర్పరు. ప్యాకింగు పిల్లలు నవ్వుకుంట వచ్చిన్రు, నవ్వకపోతె ఏడుపొస్తదని. ఒక ముసలామె చేతులు పైకెత్తి నిలబడి, "బిడ్డా, నీ చేతులు సల్లగున్నయి, నువ్వే భయపడ్తున్నవా?" అని అడిగింది. ఒక బాలింత రవికె తడిసి ఉన్నది, జల్దీ ఇంటికి పోవాలె, పాపకు పాలియ్యాలె అన్నది. ఆమెను ముట్టుకోకుండనే పంపిన. డబ్బాలు మూతలు తీసి చూసిన. రొట్టె ముక్కలు, పచ్చిపులుసు, ఉల్లిగడ్డ, అడుగున మిగిలిన పచ్చడి. ఇత్తడి అనే మాటే లేదు.

వరుస సగం అయింది. గదిల ఉక్కపోతకు నేను బయటికొచ్చి అక్కడ్నే డబ్బాలు చూస్తున్న. అప్పుడు లోపల్నుంచి హారను వినపడ్డది. తెల్ల ఫియట్ కారు. స్టోర్సు ఆఫీసరుది. బ్యాంకు పని ఉన్నదని బయటికి పోతున్నడంట. వాచ్‌మన్ అటెన్షన్ల నిలబడి సలాం కొట్టి పెద్ద గేటు తెరవబట్టిండు.

అప్పుడు నేల మీది నుంచి ఆమె గొంతు వచ్చింది. అరిచినట్టు కాదు, పక్కింటామెను పిలిచినట్టు.

"ఎస్సై సారూ, మా సద్ది డబ్బల మూతలన్ని తీసి సూస్తిరి. గా కారు డబ్బ మూత గూడ జెర తీయండ్రి. దాంట్లనైతె వాల్వు పడ్తది."

 వరుసల ఎవరో ఫక్కున నవ్విన్రు. ఇంకొకరు నవ్విన్రు. ఇటు ఆడోళ్ళు, అటు మొగోళ్ళ షిఫ్టు, తెలుగు రానోళ్ళు పక్కోళ్ళను అడిగి తెలుసుకొని మరీ నవ్విన్రు. ఎస్సై మొఖం ఎర్రగైంది. ఇప్పుడాయన కారును వదిలిపెడ్తె ఇంతమంది ముందట ఇజ్జత్ పోతది. ఆపుతె నౌకరీకి ఏమైతదో తెల్వదు. ఆయన ఏది ఎంచుకుంటడో నాకైతె అర్థం కాలే.

"ఆపండి కారు" అన్నడు.

వాచ్‌మన్ చెయ్యి సలాంకు, గేటుకు మధ్యల ఆగిపోయింది. కారు మాత్రం ముందుకొచ్చింది. నేను దారికి అడ్డం నిలబడి ఉన్న. ఆ తర్వాత చాలామంది నన్ను మస్తు ధైర్యం చేసినవ్ అన్నరు. ఉన్నదున్నట్టు చెప్త. నా చేతుల ఒక డబ్బ మూత ఉండె, అది ఎవరిదో ఇచ్చేద్దామని ఆ మనిషి కోసం చూస్తున్న. తలెత్తేసరికి బానెట్టు నా ముందట ఆగి ఉన్నది. ఆగినంక జరుగుడెందుకని నిలబడ్డ.

ఆఫీసరు అద్దం దించిండు. "ఏంటిది? కంప్లెయింటు ఇచ్చిందే నేను."

"చిన్న ఫార్మాలిటీ సార్" అన్నడు ఎస్సై. "అందరివీ చూస్తున్నాం."

"నేను అందరిలో ఒకణ్ణా?"

  మా నౌకరీ నడిచేదే ఆ లెక్క మీద గదా. ఎవరు అందర్ల ఒకలు, ఎవరు కాదు అని మాకు ఎవ్వరు రాసియ్యలేదు, అయినా అందరికి తెలుసు. హెడ్ సాబ్ చెప్పులు చూసేది గూడ అందుకే.

లొల్లి విని వర్క్స్ మేనేజరు బయటికొచ్చిండు. తెల్ల వెంట్రుకల పెద్దమనిషి. పొద్దున నుంచి జరిగిందేందో ఆయనకు సగం తెలుసు, సగం తెల్వదు. సంగతి విని, ఆఫీసరు భుజం మీద చెయ్యేసి నమ్మకంగ అన్నడు. "తెరిచి చూపించవయ్యా, ఒక్క నిమిషం పని. వాళ్ళ నోళ్ళు మూతపడతాయి."

"తాళంచెవి లేదు సార్, ఇంట్లో ఉంది."

హెడ్ సాబ్ కిటికీల చెయ్యి పెట్టి, ఇంజను బంద్ చేసి, తాళాల గుత్తి బయటికి తీసిండు. "ఇదేనేమో చూస్త సాబ్" అన్నడు చానా మర్యాదగ. మొదటి తాళంచెవి పట్టలేదు. రెండోది పట్టింది.

డిక్కీల స్టెప్నీ టైరు, దాని కింద గోనెసంచి. సంచి ఇప్పితె ఇత్తడి వాల్వులు తళతళ మెరిసినయి. ఒక్కొక్కటి ఆమె చేతులతోని చూపించినంత ఉన్నది.

నవ్వుతరనుకున్న. ఎవ్వరు నవ్వలేదు. వర్క్స్ మేనేజరు పోయి వాచ్‌మన్ స్టూలు మీద కూలబడ్డడు. ఆఫీసరు ఏదో ఇంగ్లీషుల చెప్పబోయి ఆపేసిండు. అప్పుడు నేల మీద కూసున్న ఆమె అడిగింది.

"సార్, నేను లేవచ్చునా?"

ఎస్సై ఆమె దిక్కు తిరిగిండు. "లేవమ్మా" అన్నడు.  నేను చెయ్యిచ్చిన. ఆమె నా చెయ్యి పట్టుకోలేదు, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకొని తానే లేచింది. కోటుకంటిన మన్ను దులుపుకున్నది.

ఠాణాకు పోయినంక జరిగింది వింటె మీరు నవ్వుతరు. ఆఫీసరును లోపలికి తేగానే హెడ్ సాబ్ "కూర్చోండి సాబ్" అని కుర్చీ లాగిండు. ఎస్సై కోపంగ, "ముద్దాయికి కుర్చీ ఏంటయ్యా?" అన్నడు. హెడ్ సాబ్ నాలిక కర్సుకున్నడు. "ఆదత్ సార్. బూట్లు కనపడ్డయి, చెయ్యి దానంతట అదే పోయింది." అయినా కుర్చీ తీసెయ్యనీకి ఎవరికీ చెయ్యి రాలే. ఆయన అందుల్నే కూసున్నడు. పొద్దున ఉత్త అనుమానం మీద తెచ్చిన మనిషి నేల మీద, సాయంత్రం సరుకుతోని దొరికిన మనిషి కుర్చీల. నేను స్టూలు మీద. ఇట్ల కూసున్నరని ఏ డైరీల రాయలేదు గాని, నాకు మాత్రం యాదికున్నది.

ఇగ ఫోన్లు మొదలైనయి. ముందు కంపెనీ హెడ్డాఫీసు. తర్వాత ఎవరో లీడరు మనిషి. ఆఖరికి సీఐ గారు. మేము ఎస్సై చెప్పేది మాత్రమే వింటున్నం.

"ఎస్ సార్... ఎస్ సార్... వాళ్ళు లోపల మాట్లాడుకుంటామంటున్నారు, నిజమే సార్... కానీ ఎఫ్ఐఆర్ అయిపోయింది సార్. మీరే కదా సార్ గంటలో చేయమన్నారు. కాపీ కోర్టుకు కూడా పంపేశాం. సరుకు షిఫ్టు మొత్తం చూసింది... లేదు సార్, ఇప్పుడు కాగితం వెనక్కి రాదు సార్."

ఫోను పెట్టేసి చెమట తుడుచుకున్నడు. నాకప్పుడు తెలిసింది. ఆ సైకిలు పోయిన పిలగాని లెక్క స్టోర్సు ఆఫీసరును గూడ "రేపు రా" అని తిప్పి ఉంటె, ఆ రోజు కేసే ఉండకపోయేది. కార్ల వచ్చిండని, పైనుంచి ఫోన్ చేయించిండని గంటల ఎఫ్ఐఆర్ చేసినం. ఆ తొందరే ఆయన మెడకు చుట్టుకున్నది. హెడ్ సాబ్ రాసుకుంట రాసుకుంట తనల తాను నవ్వుకుంటనే ఉండె.

కేసు అయిందని మేము అనుకున్నం. తెల్లారి పొద్దున మళ్ళ పిలుపొచ్చింది. ఊడ్చేటోళ్ళు, ప్యాకింగు ఆడోళ్ళు గేటు బయట నిలబడ్డరు, లోపలికి పోతలేరు. స్ట్రయికా అంటె కాదంటరు. జీతం పెంచాల్నా అంటె కాదంటరు. మేము జీపుల పోయినం. వర్క్స్ మేనేజరు ఆమెకు సర్దిచెప్తున్నడు.

"దొంగ దొరికాడు కదమ్మా. నీ మీద ఏమీ లేదు. లోపలికి వెళ్ళు, నీ రోజు జీతం కూడా కోసేది లేదు."

"జీతం సంగతి నేనడిగిన్నా సారూ?" అన్నది ఆమె. "నిన్న పొద్దున ఈడ్నే నన్ను జీపు ఎక్కిచ్చిన్రు. పొద్దటి షిఫ్టు మొత్తం సూసింది. రాత్రి షిఫ్టోళ్ళకు వాళ్ళు చెప్పిన్రు. నేను దొంగను అన్నది అందరు ఇన్నరు. కాదన్నది ఎవలిన్నరు? మీరు మీరు ఆఫీసుల అనుకుంటె నాకెట్ల తెలుస్తది, మా ఊరికెట్ల తెలుస్తది? ఎక్కడ అన్నరో ఆడ్నే అనుండ్రి. పోలీసు సారే అనాలె. గప్పుడు పోత."

ఎస్సై కొంచెంసేపు జీపుల్నే కూసున్నడు. ఆయన ట్రైనింగుల ఇట్లాంటిది లేదు. ముద్దాయి కాని మనిషికి ముద్దాయి కాదని చెప్పే కాయితం గూడ మా దగ్గర లేదు. హెడ్ సాబ్ ముందుకు వంగి, "సార్, చెప్తె పోయేదేముంది? నోటి మాటనే గదా" అన్నడు.

ఎస్సై దిగిండు. టోపీ సర్దుకొని జీపు మెట్టు మీద ఎక్కి నిలబడ్డడు. లోపలికి పోయే షిఫ్టు, బయటికొచ్చే షిఫ్టు రెండూ ఆగినయి. ఆయన గొంతు సవరించుకొని, "నిన్నటి దినమున ఈమెపై మోపబడిన అభియోగము నిరాధారమని విచారణలో తేలినది" అన్నడు. పుస్తకంల ఉన్నట్టే అన్నడు పాపం. ఒక్కరికి గూడ ఎక్కలే. వెనక నుంచి ఎవరో "క్యా బోలా?" అని అడిగిన్రు.

అప్పుడు హెడ్ సాబ్ జీపు పక్కన నిలబడి నిండుగ అరిచిండు. "యే ఔరత్ చోర్ నహీ హై! చోర్ దూస్రా థా, పకడ్ లియే! ఈమె దొంగ కాదు! పోలీసోళ్ళు తప్పు మనిషిని తీస్కపోయిన్రు! ఇన్నరా అందరు?"

"తప్పు మనిషిని" అనేసరికి ఎస్సై ఆయన దిక్కు గిర్రున తిరిగిండు. కానీ అప్పటికే చప్పట్లు మొదలైనయి. చప్పట్లు ఆగినంక ఎస్సై మెట్టు దిగలేదు. ఆమె దిక్కు చూసి, ఈసారి మామూలు మాటలల్ల, "నిన్న నిన్ను అట్లా తీసుకెళ్ళకుండా ఉండాల్సింది, అమ్మా" అన్నడు. ఈ మాట ఆయనకు ఎవ్వరు చెప్పలేదు. వర్క్స్ మేనేజరు కండ్లద్దాలు తీసి చేతుల పట్టుకొని, "మా వైపు నుంచి కూడా" అని మాత్రం అనగలిగిండు.

ఆమె తల ఊపింది. "సాలు సారూ" అన్నది. చీపురు తీస్కొని చిన్న గేటు నుంచి లోపలికి పోయింది. ఆమె వెనక మిగిలినోళ్ళు పోయిన్రు.

ఆ తర్వాత లోకం మారిపోయిందని నేను చెప్పను. ఆఫీసరుకు తెల్లారే బెయిలొచ్చింది. ఆయన ఇంకో కంపెనీల చేరిండని విన్న. ఆ గేటు కాడ కొన్నాళ్ళు కార్ల డిక్కీలు గూడ తెరిచి చూసిన్రంట, తర్వాత మెల్లగ మరిచిన్రు. ఆడోళ్ళను తనిఖీ చెయ్యనీకి మాత్రం ఒక ఆడమనిషిని పెట్టిన్రు, తలుపున్న గది ఇచ్చిన్రు. అది నిలిచింది. ఎస్సైకి ఏడాది తిరగకముందే దూరం ట్రాన్స్‌ఫర్ అయింది. ఆ కేసు వల్లనే అని కొందరన్నరు. ఎస్సైలు ఒక్క దగ్గర ఎక్కువ దినాలు ఉండుడే అరుదు గనుక నేను గట్టిగ చెప్పలేను. పోయేటప్పుడు మనిషి ఖుషీగనే ఉండె. ఇంకొకటి, ఆ ఒడిశా పిలగాని సైకిలు కంప్లెయింటును ఆ వారంల్నే హెడ్ సాబ్ రాసుకున్నడు. సైకిలు దొరకలేదు, అది వేరే సంగతి.

కేసు సంగారెడ్డి కోర్టుకు రానీకి కొన్నేండ్లు పట్టింది. నేను గూడ సాక్షిని. పంచనామా మీద సంతకం పెట్టిన కంపెనీ క్లర్కు బోనెక్కి, "సంతకం నాదే, సరుకు నేను చూడలే" అన్నడు. వాచ్‌మన్ నౌకరీ ఇడిసి తన ఊరికి పోయిండు. ఇగ కేసు నిలవదని హెడ్ సాబ్ నా చెవుల అన్నడు. అప్పటికి ఆయన రిటైరయిండు, సాక్ష్యానికి లాల్చీ పైజామాల వచ్చిండు. తర్వాత ఆమె పేరు పిలిచిన్రు. ఇస్త్రీ చీర కట్టుకొని బోన్ల నిలబడ్డది.

ముద్దాయి తరఫు వకీలు గట్టి మనిషి. "ఈ కేసుతో నీకేం సంబంధం?" అని మొదలుపెట్టిండు.

"నేను ఈ కేసుల మొదటి దొంగను సార్" అన్నది ఆమె.

కోర్టు మొత్తం నవ్వింది. మేజిస్ట్రేటు గారు కలం ఆపి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నరు. వకీలు నవ్వు ఆగేదాక ఆగి, "అందుకే కోపంతో ఆయన మీద చెప్తున్నావ్" అన్నడు.

"కోపం గేటు కాడ్నే దిగింది సార్. గన్నేండ్లు మోస్కుంట తిరుగుతె పనెప్పుడు చేసుకోవాలె? సంచి కారులకెళ్ళి తీసింది సూసిన. సూసింది చెప్తున్న. నేను ఆయనకు దగ్గర్నే కింద కూసున్న. కింద కూసున్నోళ్ళకు డిక్కీలకెళ్ళి కిందికి దించింది మంచిగ కనిపిస్తది."

వకీలు ఇంకా ఏమేమో అడిగిండు. ఆమె మాట ఒక్కటి గూడ కదలలేదు. తీర్పు తర్వాత వచ్చింది. శిక్ష పడ్డది, చిన్నదే. ఆయన పైకోర్టుకు పోయిండు. అక్కడ ఏమైందో నాకు తెల్వదు. తెలుసుకోవాలని ఆమె గూడ ఎన్నడు అడగలేదు.

ఆ రోజు సాక్ష్యం అయినంక కోర్టు ముందట ఇద్దరం మిర్చిబజ్జీలు తిని, పటాన్‌చెరు బస్సెక్కినం. అప్పుడు నాకు గూడ ఆ దిక్కే డ్యూటీ. కంపెనీలు ఇడిసే టైము, బస్సు కిక్కిరిసి ఉన్నది. కండక్టరు ఖాకీ చూసి, సీట్ల కూసున్న ఒక కంపెనీ కూలాయన భుజం మీద తట్టిండు. "లే లే, మేడమ్‌కు సీటియ్" అన్నడు. ఆయన మారుమాట లేకుండ లేచిండు. డ్యూటీ చేసి వస్తున్నడు, కండ్లు మూతలు పడుతున్నయి.

నాకు సిగ్గనిపించింది. "వద్దన్నా, నువ్వు కూసొ. టికెటు కొన్నది నువ్వు, నేను పాసు మీద పోతున్న" అన్న. ఆయన "లేదు మేడమ్, మీరే కూసోండి" అని కూసోడు. నేను కూసోను. ఇద్దరం ఒకర్ని ఒకరం బతిలాడుకుంట నిలబడ్డం. బస్సు కదిలింది. చూస్తె ఆమె అప్పటికే ఆ సీట్ల సర్దుకొని కూసున్నది.

"ఏందక్కా ఇది?" అన్న.

"నువ్వొద్దంటివి, ఆయనొద్దనె. సీటేం పాపం చేసింది?" అన్నది. ఆ కూలాయన గూడ నవ్విండు. కండక్టరు టికెట్లు కొట్టుకుంట ముందుకు పోయిండు.

రుద్రారం రాకముందే ఆమె కిటికీ ఊసకు తల ఆనిచ్చి నిద్రపోయింది. నేను టోపీ చంకల పెట్టుకొని, పైన రాడ్డు పట్టుకొని, ఎక్కేటోళ్ళు దిగేటోళ్ళు ఆమె మీద పడకుండ అడ్డం నిలబడ్డ. ఆమె స్టాపు వచ్చేదాక అట్లనే నిలబడి, అప్పుడు లేపిన.